జీర్ణమైనదేది? నూతనమైనదేది?

శరన్నవరాత్రులలో మహర్నవమినాడు తెలుగునాట ప్రతి వృత్తివాడును తన పనిముట్టును కడిగి, పసుపు కుంకుమలతో అలంకరించి, చేతులు జోడించును. రైతు నాగలికిని, వడ్రంగి బాడిసెకును, కమ్మరి సుత్తెకును, శిల్పి ఉలికిని, వర్తకుడు త్రాసుకును ఆనాడు పూజ సల్పుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఈ కాలమున ఆ వరుసలో కంప్యూటరు కూడ చేరినది. నల్లమల అంచున, కర్నూలు నుండి దోర్నాల వైపు పోవు రహదారిపై నున్న ఆత్మకూరు వంటి పట్టణములలో దరఖాస్తులు నింపి, కాగితములు ముద్రించి యిచ్చు చిన్న దుకాణములు అనేకము కలవు. ఆ దినమున అచటి తెరకు గంధపు బొట్టు, కీబోర్డు ప్రక్కన నిమ్మపండు, మౌసుపై ఒక చేమంతి పూవు కానవచ్చును.

పూజ జరిగిన కొద్ది దినములకే ఆ ఉపకరణము “పాతబడినది, పారవేసి క్రొత్తది తెత్తము” అను మాటకు గురి యగుచున్నది. నిన్న నమస్కార మందుకొన్నది నేడు చెత్త యగుట యెట్లు? ఆ నమస్కారము అబద్ధమా? లేక ఈ పారవేయుట అపరాధమా? చూచుటకు ఇది చిన్న ప్రశ్న. కాని వస్తువులతో మానవునికి గల సంబంధ మెట్టిదో, ధనము నెట్లు వినియోగింపవలెనో, ఇతర ప్రాణులయెడ నెట్లు మెలగవలెనో యను పెద్ద ప్రశ్నలన్నియు దీనిలో నిమిడియున్నవి.

ఉపాదానము

పాంచరాత్రాగమము వైష్ణవుని దినమును ఐదు భాగములుగా విభజించినది. అవి అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధికి చేరుట అభిగమనము. ఆరాధనకు వలసిన ద్రవ్యములను ధర్మమార్గమున సమకూర్చుకొనుట ఉపాదానము. అటుపిమ్మటనే ఇజ్య, అనగా ఆరాధనము. దీనిలో గమనింపదగిన విశేష మొకటి కలదు. వస్తువులను సంపాదించుట, ఎన్నుకొనుట, తెచ్చుకొనుట భక్తికి వెలుపలి వ్యవహారము కాదు. అది భగవత్కైంకర్యమునకు ఒక అంగము. పూవు ఏ తోటలో కోసినది, పాలు ఏ రీతిని తెచ్చినది, ధనము ఏ మార్గమున వచ్చినది అని విచారించిన తరువాతనే ఆరాధనము ఆరంభమగును.

విశిష్టాద్వైత సిద్ధాంతమున సర్వమునకు శేషి శ్రీమన్నారాయణుడే. చేతనాచేతనములన్నియు ఆయనకు శేషభూతములు. కావున ఇంటిలోని ఏ వస్తువును గృహస్థుని సొంతము కాదు. ఆతడు దానికి కాపరి మాత్రమే. కాపరికి రెండు దోషములు కలుగవచ్చును. యజమాని వస్తువును వ్యర్థము చేయుట మొదటిది. యజమాని పనికి అక్కరయైన దానిని సమకూర్పక లోభమున ఊరకుండుట రెండవది. క్రొత్త వస్తువు కొనవలెనా వలదా యను ప్రశ్న ఈ రెండు దోషముల నడుమ నున్నది.

ఒక గృహస్థుని సందేహము

ఆత్మకూరులో ఇట్టి దుకాణము నడుపు ఒక వైష్ణవ గృహస్థుని తలపోయుదురు గాక. ఇది ఒకరి కథ కాదు, అనేకుల స్థితి. ఆతని కొట్టునకు ఆదాయ, కుల ధ్రువపత్రములకై విద్యార్థులు వత్తురు. పొలము కాగితములకై రైతులు వత్తురు. తిరుమల దర్శనపు టికెట్లకై వృద్ధులు వత్తురు. ఆధారు వేలిముద్రతో బ్యాంకు ఖాతాలోని కూలిసొమ్మును తీసికొనుటకు నల్లమలలోని గూడెముల నుండి చెంచులు కూడ వత్తురు. ఆతని యంత్రములు పాతవి. ఫాల్గుణమున అహోబిల బ్రహ్మోత్సవములకు పోయి, యాత్రికులకు తదీయారాధనము చేయింపవలెనని ఆతడు ఏడాది పొడుగున కొంత సొమ్ము కూడబెట్టినాడు.

చదువు ముగించి వచ్చిన కుమారుడు ఒక పట్టిక వ్రాసి తండ్రి ముందుంచినాడు. కీబోర్డు, మౌసు, తెర, ప్రింటరు, స్కానరు, వేలిముద్ర యంత్రము: ఆరును క్రొత్తవి కొనవలెను. “నాయనా, ఇవన్నియు కాలము చెల్లినవి. ఒక్కసారి మార్చిన బాధ వదలును. సొమ్ము చాలనిచో వాయిదాలున్నవి” అని ఆతని మాట. “పనిచేయుచున్న వస్తువును పారవేయుట పాపము. ఆ సొమ్ము నరసింహస్వామికి ముడుపు కట్టినది” అని తండ్రి మాట. ఇద్దరి మాటయు ధర్మముగనే వినబడును. కాని ఆరు వస్తువులను ఒకే మూటగా గట్టి, అన్నియు కొనవలె నని ఒకరు, ఏదియు కొనరాదని మరియొకరు పలుకుటలోనే పొరపాటున్నది. వస్తువులన్నియు ఒకే వేళ పుట్టినను ఒకే వేళ జీర్ణింపవు.

“జీర్ణ” శబ్దము

దేహము మారుటను గూర్చి భగవద్గీత ద్వితీయాధ్యాయమున వస్త్రముల ఉపమానము కలదు. మనుజుడు విడుచు వస్త్రములను చెప్పునపుడు భగవానుడు వాడిన శబ్దము “జీర్ణ” మనునది. పాతవి యనుట వేరు, జీర్ణమైనవి యనుట వేరు. పాతదనము కాలమునకు సంబంధించినది. జీర్ణత వస్తువు యొక్క శక్తికి సంబంధించినది. ఏబది యేండ్ల ఇత్తడి చెంబు పాతది యగును గాని నీరు నిలుచునంతవరకు జీర్ణము కాదు. మొన్న తెచ్చిన మట్టికుండ పగిలినచో క్రొత్తది యైనను జీర్ణమే.

ఈ శబ్దమే దేవాలయ వ్యవహారమున “జీర్ణోద్ధారణ” మను మాటలో నున్నది. ఆలయమునందలి శిథిలభాగములను బాగుచేయునపుడు ముందుగా దోషమును పరీక్షింతురు. చిన్న దోషమైనచో ఉన్నచోటనే సరిచేయుదురు. పని సాగునంతకాలము నిత్యారాధనకు లోపము రాకుండ బాలాలయము నేర్పరతురు. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణమును యాత్రికులు ఎరుగుదురు. మార్చక తప్పని విగ్రహ మైనచో, శిలామయమును లోతైన జలమున నుంచుట, లోహమయమును కరగించుట, దారుమయమును అగ్నికి సమర్పించుట వంటి విధులను ఆగమములు చెప్పుచున్నవి. స్వయంవ్యక్త మూర్తుల విషయమున ఈ విధి వర్తింపదని ఆగమజ్ఞులందురు.

యంత్రమును అర్చామూర్తితో సమానముగ భావించుట ఇచట ఉద్దేశము కాదు. అర్చామూర్తి సాక్షాత్తు భగవదవతారము, యంత్రము జడము. కాని దేవుని ఇంటిలో పెద్దలు పాటించిన వివేకము మనుష్యుల ఇంటికి కూడ దారి చూపగలదు. ఆ వివేకమున నాలుగు మెట్లున్నవి: దోషమును పరీక్షించుట, బాగుచేయగలిగిన బాగుచేయుట, సేవకు విరామము రానీయకుండుట, విడిచినదానిని మర్యాదతో విడుచుట.

క్షేత్రములు నేర్పు పాఠములు

తిరుమల సన్నిధిలో పంచబేరములు కలవు. అందు భోగ శ్రీనివాసమూర్తి పల్లవరాణి సామవై సమర్పించిన రజత విగ్రహము. అనేక శతాబ్దములు గడచినను నేటికిని ఆ మూర్తికి ఏకాంతసేవ జరుగుచున్నది. పాతదను మాట అచట లేదు. సేవకు తగియుండుటయే ప్రమాణము. ఆ సన్నిధిలోనే ఉగ్ర శ్రీనివాసమూర్తి మొదట ఉత్సవబేరము. ఒక ఉత్సవమున ఊరేగింపు జరుగుచుండగా అగ్నిప్రమాదము సంభవించినదనియు, స్వామి యాజ్ఞచే కొండలలో లభించిన మలయప్పస్వామి అటుపై ఉత్సవబేరమైనారనియు ఐతిహ్యము. అట్లని పూర్వమూర్తిని ఎవరును త్రోసివేయలేదు. నేటికిని కైశిక ద్వాదశినాడు సూర్యోదయమునకు ముందే ఆ మూర్తిని మాడవీథులలో ఊరేగింతురు. మార్పు జరిగినది, కాని పూర్వమూర్తి యెడ గౌరవము చెడలేదు.

కాంచీపురమున అత్తివరదరు కథ ప్రసిద్ధము. అత్తికఱ్ఱతో చేసిన ఆ పెరుమాళ్ళు అనంతసరస్సు జలములలో శయనించి, నలుబది యేండ్ల కొకమారు భక్తులకు దర్శన మిత్తురు. 1979లో దర్శించిన బాలురు 2019లో తమ బిడ్డలతో వచ్చి మరల దర్శించినారు. పూరీ క్షేత్రమున జగన్నాథుని దారుమూర్తులకు నవకళేబర ముత్సవము 1996లోను, 2015లోను జరిగినది. అచట దేహము మారును. లోపలి బ్రహ్మపదార్థము పూర్వమూర్తి నుండి నూతనమూర్తికి చేరును. పూర్వమూర్తులకు కోయిలి వైకుంఠమున సమాధి జరుగును. పైరూపము మారినను లోని సారము జారిపోరాదని ఈ మహోత్సవము చాటుచున్నది.

తాళ్ళపాక అన్నమాచార్యులు అహోబిల మఠ స్థాపకులైన ఆదివణ్ శఠగోపయతి వద్ద శాస్త్రాభ్యాసము చేసిరని సంప్రదాయము. తాళ్ళపాకవారి సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో ఆలయమునందలి అరలో నుండెను. శతాబ్దముల మరుగు తరువాత ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అవి వెలుగులోనికి వచ్చినవి. తెరచిన వెంటనే చదువవచ్చినది. దానికి కన్ను తప్ప వేరొక సాధన మక్కరలేదు. ఇరువది యేండ్ల క్రిందట ఫ్లాపీలో దాచుకొనిన వంశవృక్షమును నేడు చదువ నెంచినచో దానికి తగిన సాధనమును వెదకవలెను. అట్లే యూనికోడుకు పూర్వపు తెలుగు అక్షరములతో కూర్చిన పత్రమును ఆ అక్షరములు లేని నేటి యంత్రమున తెరచిన, అర్థము లేని గుర్తులు మాత్రమే కనబడును. తాటియాకులు శిథిలము కాకముందే పూర్వులు క్రొత్త యాకులపై ప్రతి వ్రాసికొనెడివారు. యంత్రమును మార్చుటకు ముందు దానిలోని సారమును ఎత్తి వ్రాసికొనుట కూడ అట్టి విధియే.

ఆరు వస్తువులు

ఈ వెలుగులో ఆ గృహస్థుని పట్టికను మరల చూడవలెను. కీబోర్డు గుండ్రని ముక్కు గల పాత తరమునకు చెందినది. నేటి కంప్యూటరులో దానిని దూర్చు గూడు లేదు. కాని ఆ ముక్కును 1996లో వచ్చిన యు.ఎస్.బి. పద్ధతికి జతపరచు చిన్న పరికరము అల్పమైన వెలకు దొరకును. క్రొత్త కీబోర్డుపై ఆంగ్లాక్షరముల వరుస 1870 ప్రాంతపు టైపు మిషను నాటిదే కదా! తెలుగు ఇన్‌స్క్రిప్ట్ వరుస కూడ 1991 నాటి జాతీయ ప్రమాణమున చేరినదే. వ్రేళ్ళు నేర్చిన విద్య మారలేదు. మీటలు సరిగా పలుకుచున్నచో ఆ కీబోర్డు పాతదే గాని జీర్ణము కాదు. ఒకవేళ ఒక మీట పట్టి పట్టి పలుకుచు, రైతు పేరులో నొక అక్షరము జారిపోవుచున్నచో అది జీర్ణము. పేరులో అక్షరము తప్పిన పత్రము పట్టుకొని ఆ రైతు కచేరీల చుట్టును తిరుగవలసి వచ్చును. దుకాణదారు మిగుల్చుకొన్న రూకలను ఆ రైతు తన కూలిదినములతో చెల్లించినట్లగును.

మౌసు క్రింద బంతి గల పాతరకమైనచో దుమ్ము తీసి తుడిచిన నడచును. నడువనిచో క్రొత్తదాని వెల స్వల్పము. దానికై ధర్మసందేహ మక్కరలేదు. స్కానరు అద్దముపై మరకలున్నచో తుడువవలెను గాని పారవేయరాదు. ప్రింటరు సూదులతో కొట్టి అచ్చువేయు పాతరకము. అది శబ్దము చేయును, నెమ్మదిగా నడచును. కాని కార్బను పెట్టి ఒకేసారి మూడు ప్రతులు తీయుటకు నేటికిని అదియే తగినది. దాని రిబ్బను చౌక. బిల్లులకు దానినే యుంచి, ధ్రువపత్రములకు మాత్రమే వేరొకటి ఆలోచింపవచ్చును.

తెర విషయము వేరు. బరువైన గాజుబుడ్డి గల పాత తెర విద్యుత్తును అధికముగ వాడును. దినమంతయు చూచువాని కన్నులను అలసింపజేయును. దానిని మార్చుటలో నెల నెల వచ్చు విద్యుత్ బిల్లు కొంత తగ్గును. కాని ఆ గాజులో సీసము కలదు. దాని తరువాత వచ్చిన పలుచని తెరలలో కొన్నిటియందు వెలుగునకై వాడిన సన్నని గొట్టములలో పాదరసము కలదు. కావున తెరను మార్చుట కంటె పాతదానిని విడుచు రీతియే అచట పెద్ద ప్రశ్న.

ఇక కంప్యూటరు పెట్టె సంగతి. విండోస్ 10 అను నిర్వాహక వ్యవస్థకు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. అనేక పాత యంత్రములు తదుపరి వ్యవస్థ కోరు లక్షణములు లేనివి. ఇతరుల పత్రములను చేపట్టువాడు రక్షణ లేని యంత్రముతో పనిచేయుట తలుపు లేని ఇంట ఇతరుల నగలు దాచుట వంటిది. అట్టిచోట లైనక్స్ వంటి ఉచిత వ్యవస్థతో పని జరుగునేమో చూడవలెను. జరుగనిచో పెట్టెను మార్చవలెను. పెట్టె మారినంతమాత్రమున దానితోడి కీబోర్డును, మౌసును, తెరను కూడ పారవేయ నక్కరలేదు. అవి క్రొత్త పెట్టెకును సేవ చేయగలవు.

అరిగిన వ్రేళ్ళు

పట్టికలో చివరిది వేలిముద్ర యంత్రము. తండ్రి దానిని చూపి, “ఇది నిక్షేపముగ పనిచేయుచున్నది” అనెను. నిజమే. దీపము వెలుగుచున్నది, అద్దము పగులలేదు. కాని ఆధారు వ్యవస్థలో ఎల్‌0 తరగతి యంత్రములను తొలగించి ఎల్‌1 తరగతి వానిని ప్రవేశపెట్టినారు. పాతరకమున వేలిముద్రను గూఢలిపిగా మార్చు పని యంత్రము వెలుపల, కంప్యూటరులో జరుగును; నడుమ దానిని అపహరించుటకు సందు కలదు. క్రొత్తరకమున ఆ పని యంత్రము లోపలనే ముగియును. పైకి నిక్షేపముగ కనబడు పాతయంత్రము ఇట్లు నమ్మకమను విషయమున జీర్ణమైనది. తాళము చూచుటకు బాగున్నను, దాని చెవి అందరియొద్ద నున్నచో అది తాళము కాదు.

ఒకనాడు గూడెము నుండి ఒక చెంచు వృద్ధురాలు కూలిసొమ్మునకై అట్టి దుకాణమునకు వచ్చినదని తలపోయుదురు గాక. అడవిలో గడ్డలు త్రవ్వి, కట్టెలు మోసి, ఉపాధిపనిలో మట్టి ఎత్తి ఆమె వ్రేళ్ళ గీతలు అరిగిపోయినవి. యంత్రము మూడుసార్లు కాదనినది. ఆమె సిగ్గుతో వ్రేళ్ళను కొంగుతో తుడుచుకొని, “నా యేళ్ళే మంచివి కావు నాయనా” అని తనను తానే నిందించుకొనినది. దుకాణమున కూర్చున్న యజమాని తల్లి ఆ మాట విని, కుమారునితో నిట్లనినది: “నాయనా, పాతబడినది ఆమె యేళ్ళా, నీ యంత్రమా? యేళ్ళను మార్చలేము. మార్చగలిగినది మార్చకుండ, మార్చలేనిదానిపై తప్పు నెట్టుట న్యాయమా?”

ఈ ప్రశ్నకు తండ్రియొద్ద సమాధానము లేదు. వ్రేళ్ళు జీర్ణమైనది ఇతరుల కొఱకు చేసిన కష్టముచే. యంత్రము మారనిది తన సొమ్ము మిగులుటకు. క్రొత్త యంత్రమైనను అరిగిన వేలిని చదువలేకపోవచ్చును. అప్పుడు అద్దము తుడిచి, వేరొక వేలు పెట్టించి, అదియు కానిచో కనుపాప లేదా ముఖము ద్వారా గుర్తించు మార్గమును వెదకుట, ఓర్పుతో నిలుచుట దుకాణదారుని ధర్మము. యంత్రము కొన్నంతమాత్రమున ధర్మము తీరదు. కాని కొనక, వెదకక, “మరల రేపు రమ్మ”ని పంపుట మాత్రము ధర్మము కానేరదు. గూడెమునకు పోయి వచ్చుటలో ఆమె ఒక దినపు కూలి పోవును.

అహోబిల క్షేత్ర సంప్రదాయమున ఈ సంఘటనకు మరియొక అర్థము కలదు. శ్రీ నృసింహస్వామి చెంచులక్ష్మిని పరిణయ మాడినందున చెంచులు స్వామికి అత్తవారు. సంక్రాంతి పిమ్మట పారువేట ఉత్సవమున అహోబిలస్వామి నలుబది దినములకు పైగా ముప్పదికి పైబడిన గ్రామములలో సంచరించి, తన కల్యాణమునకు జనులను స్వయముగ ఆహ్వానించునని పెద్దలు చెప్పుదురు. భక్తుడు స్వామి యొద్దకు పోవుట లోకరీతి. స్వామియే జనుల వాకిటికి వచ్చుట అహోబిల రీతి. ఆ స్వామికి ముడుపు కట్టిన సొమ్ముతో స్వామి అత్తవారింటి ముదుసలికి కూలి అందునట్లు చేయుట ముడుపును చెరచుట యగునా?

ముడుపును వాడుకొనుటకు ఇది అనుమతి యని ఎవరును భ్రమింపరాదు. స్వామికి ఇచ్చెద నని మ్రొక్కిన సొమ్ము స్వామిదే. అందుకే ఆ వృద్ధమాత చెప్పిన దారి వేరు. “ముడుపు జోలికి పోవలదు. పండుగకు క్రొత్త బట్టలు వలదు. తెర మార్చుట వచ్చు ఏడాది. వాయిదాలు అసలే వలదు. ఆ మిగిలిన దానితో ఈ యంత్రము నొక్కటి తెండు” అని ఆమె తీర్పు. క్రొత్తదానిని కొనుటకు అప్పు చేయుట సులభము. ఒక కోరికను వాయిదా వేయుట కష్టము. ఆ కష్టమును తనపై వేసికొనుటయే త్యాగము.

తృష్ణయు లోభమును

కుమారుని తప్పు తృష్ణ. దానికి ఆకలి వస్తువు వలన కలుగదు, వస్తువును గూర్చిన మాట వలన కలుగును. ప్రక్క దుకాణమున క్రొత్తది వచ్చినదని వినినంతనే తనది పాతదగును. నిన్నటిదాక చాలినది నేడు చాలకపోవును. వస్తువులో మాత్రము ఏ మార్పును లేదు. తండ్రి తప్పు లోభము. అది వైరాగ్యపు వేషము ధరించుటచే గుర్తించుట మరియు కష్టము. వైరాగ్యము తన సుఖమును తగ్గించుకొనును. లోభము ఇతరుల సుఖమును తగ్గించును. ఈ రెంటిని వేరుచేయుటకు ఒకే ప్రశ్న చాలును: ఈ పాతవస్తువు యొక్క లోపమును ఎవరు భరించుచున్నారు? తానే భరించుచున్నచో అది తపస్సు కావచ్చును. తన వద్దకు వచ్చినవారు భరించుచున్నచో అది వైరాగ్యము కాదు.

ఆళ్ళగడ్డ శిల్పులు ఈ మధ్యమార్గమును చేతలలో చూపుచున్నారు. రాతిని ముక్కలు చేయుటకు వారు విద్యుత్తుతో నడచు కోతయంత్రములను వాడుదురు. దానివలన వారి నడుములకు, భుజములకు శ్రమ తగ్గినది. కాని స్వామి కనురెప్పను, చిరునవ్వును తీర్చునపుడు ఉలియే చేతికి వచ్చును. మొద్దుబారిన ఉలిని పారవేయరు. కొలిమిలో కాల్చి, సాగగొట్టి, పదును పెట్టుదురు. క్రొత్తది యెచట మేలు చేయునో అచట క్రొత్తది, పాతది యెచట మేలు చేయునో అచట పాతది. వారికి పనియే ప్రమాణము. వస్తువు వయస్సు కాదు.

విడుచు విధి

విడువవలసిన దానిని ఎట్లు విడువవలెను? 2022 సంవత్సరమున ప్రపంచమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థములు ఏర్పడినవనియు, అందు 22.3 శాతము మాత్రమే సక్రమముగ సేకరింపబడి మరల ఉపయోగమునకు మరలినదనియు ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక తెలిపినది. మిగిలినదానిలో ఎంతయో నేలలో, నీటిలో, పొగలో కలియుచున్నది. రాగికై తీగలను కాల్చువారు, సీసపు గాజును పగులగొట్టువారు తరచుగ నిరుపేదలు, వారి పిల్లలు. శరణాగతి అంగములలో ఆనుకూల్య సంకల్పము, ప్రాతికూల్య వర్జనము మొదటివి. సర్వప్రాణులును భగవంతుని శరీరమని నమ్మినవాడు తన ఇంటిని శుభ్రము చేసికొని ఆ విషమును మరొకరి ఊపిరిలో పోయలేడు. భారతదేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు తయారీదారులపై ఈ బాధ్యత నుంచినవి. పాత తెరను పెంటదిబ్బపై వేయక, వాగులో త్రోయక, నమోదు పొందిన పునశ్చక్రీకరణ సంస్థలకు చేర్చుట నేటి గృహస్థుని విధి.

దానమును గూర్చి ఒక మాట. కఠోపనిషత్తున నచికేతుని తండ్రి యజ్ఞమున దానము చేసిన గోవులు ఇక నీరు త్రాగ శక్తి లేనివి, పాలు ఇచ్చుట ముగిసినవి. ఆ దానమును చూచియే బాలుడు నచికేతుడు కలత చెందెను. చెడిపోయిన కంప్యూటరును “బడికి దానమిచ్చితిమి” అని చెప్పుకొనుట అట్టి గోదానమే. నడచుచున్న కీబోర్డును తుడిచి, జతపరచు పరికరముతో సహా ఒక విద్యార్థికి ఇచ్చుట దానము. నడువనిదానిని ఇచ్చుట భారమును దించుకొనుట మాత్రమే.

మరియొక విధి గోప్యము. పాత యంత్రము హృదయములో ఎందరి ఆధారు ప్రతులు, ఎందరి ఖాతాసంఖ్యలు, ఎందరి బిడ్డల ధ్రువపత్రములు ఉండును! వానిని పూర్తిగ తుడిచివేయక యంత్రమును అమ్ముట, ఇతరులు నమ్మి చెప్పిన రహస్యమును సంతలో చాటుట వంటిది. ముందు సారమును క్రొత్తచోటికి చేర్చి, పిదప పాతచోటును శుద్ధి చేసి, ఆపై విడువవలెను.

మహర్నవమినాటి నమస్కారము అబద్ధమా యను మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము దొరకును. ఆ నమస్కారము ప్లాస్టికునకు, ఇనుమునకు కాదు. ఆ వస్తువు ద్వారా జరిగిన సేవకును, ఆ సేవకు శక్తి నొసగిన పరమాత్మకును చేసినది. సేవ చేయుచున్నంతకాలము పాతదానిని త్రోసివేయుట కృతఘ్నత; సేవ చేయలేనపుడు మార్చకుండుట అలసత్వము; విడుచునపుడు మర్యాద తప్పుట అపచారము. జీర్ణమేది, నూతనమేది యని కొలుచు కోల వస్తువులో లేదు; ఆ వస్తువు ముందు చేయి చాచి నిలిచిన మనుష్యుని ముఖములో నున్నది. ఆ వృద్ధురాలు కూలిసొమ్మును కొంగున ముడివేసికొని, ప్రొద్దు గ్రుంకకముందే గూడెము చేరగలిగిన నాడు ఆ దుకాణమున ఉపాదానము సఫలమైనట్లే. అట్టి గృహస్థుని తదీయారాధనమును అహోబిల నృసింహుడు ప్రీతితో స్వీకరించి, ఎల్లరకు వివేకమును, తృప్తిని, భూతదయను ప్రసాదించుగాక.